పొట్టి ప్యాకెట్ వస్తుంది, పొడుగు ప్యాకెట్ రాదు: రేడియో మోడెమ్ రిమోట్ డయాగ్నస్టిక్స్ కేస్ స్టడీ

సమస్య

ఒక బేస్ స్టేషన్, ఎనిమిది దూరపు స్టేషన్లు. ప్రతి దూరపు స్టేషన్‌లో ఒక కంట్రోలర్, దానికి తగిలించిన ఎక్స్‌బీ ప్రో 900హెచ్‌పీ రేడియో మోడెమ్. బేస్ ప్రతి 5 నిమిషాలకు ఒక్కో స్టేషన్‌ను పొట్టి అభ్యర్థనతో పలకరిస్తుంది, అది 180 బైట్ల సమాధానం పంపుతుంది. గాలిలో వేగం సెకనుకు 10 కిలోబిట్లు. నెట్‌వర్క్ పాయింట్ టు మల్టీపాయింట్, మధ్యలో రిపీటర్లు లేవు. దూరపు మోడెములన్నీ ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో (డేటాను ఉన్నదున్నట్టు దాటించే పద్ధతి), బేస్ మోడెమ్ ఒక్కటే ఏపీఐ మోడ్‌లో (డేటాను, కమాండ్లను ఫ్రేములుగా కట్టి పంపే పద్ధతి) ఉన్నాయి.

ఐదో స్టేషన్ సమాధానాలు ఆగిపోయాయి. పదిసార్లు అడిగితే ఒకసారి వచ్చేది, అదీ అరకొరగా. కానీ బేస్ నుంచి అదే మోడెమ్‌కు రిమోట్ కమాండ్ పంపితే చాలాసార్లు ఠక్కున జవాబిచ్చేది. సిగ్నల్ బాగానే ఉంది, వోల్టేజీ హద్దుల్లోనే ఉంది, లోపాల కౌంటర్లు సున్నా. ఈ మూడూ చూస్తే ఎవరికైనా మోడెమ్‌ను వదిలేసి కంట్రోలర్‌ను అనుమానించాలనిపిస్తుంది. లోపం మాత్రం మోడెమ్‌కు కరెంటు వచ్చే తీగలో ఉంది. అక్కడికి ఎవరూ వెళ్లకముందే గాలిలోంచి పంపిన కమాండ్లతో దాన్ని ఎలా పట్టుకోవచ్చో, ఏ కొలత ఎందుకు తప్పుదారి పట్టించిందో ఇక్కడ వివరంగా ఉంది.

కమాండ్ ఫ్రేమ్, బైట్ బైట్‌గా

రిమోట్ కమాండ్‌ను దూరపు మోడెమ్ తనంతట తానే అందుకుని, అమలు చేసి, జవాబిస్తుంది. దాని వెనకున్న కంట్రోలర్‌కు ఈ సంగతే తెలియదు. కాబట్టి దూరపు మోడెమ్ ఏపీఐ మోడ్‌లో ఉండక్కర్లేదు. కంట్రోలర్ ఆగిపోయినా, దాని సీరియల్ తీగ ఊడిపోయినా మోడెమ్ పలుకుతుంది. ఈ ఒక్క గుణంతోనే సగం అనుమానాలు తీరిపోతాయి.

చివరిగా అందిన ప్యాకెట్ సిగ్నల్ ఎంత అని అడిగే డీబీ కమాండ్‌కు ఫ్రేమ్ ఇలా ఉంటుంది. చిరునామా నమూనాకు మాత్రమే, సంఖ్యలన్నీ దశాంశంలో రాశాం:

126, 0, 15, 23, 1, 0, 19, 162, 0, 64, 18, 52, 86, 255, 254, 0, 68, 66, 211

126 ఫ్రేమ్ ఆరంభం. 0, 15 నిడివి. 23 అంటే రిమోట్ కమాండ్. తర్వాతి 1 ఫ్రేమ్ నంబరు, జవాబును గుర్తుపట్టేది దీంతోనే. ఇక్కడ 0 పెడితే జవాబే రాదు. తర్వాతి ఎనిమిది బైట్లు మోడెమ్ సీరియల్ నంబరు. 255, 254 ఎప్పుడూ అంతే. ఆ పక్కన 0 ఐచ్ఛికాల బైటు. చదవడానికైతే 0 చాలు, విలువ మార్చి వెంటనే అమలు చేయించాలంటే 2 పెట్టాలి. 68, 66 డీబీ అనే రెండక్షరాల కోడ్లు. చివరి 211 చెక్‌సమ్, ఫ్రేమ్ చెడకుండా చేరిందో లేదో చూసే బైటు. నిడివి బైట్ల తర్వాతి బైట్లన్నీ కూడితే 1068. దాన్ని 256తో భాగిస్తే మిగిలేది 44, 255లోంచి 44 తీస్తే 211.

సొంతంగా ప్రోగ్రామ్ రాసేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఎస్కేప్ మోడ్. బేస్ మోడెమ్‌లో ఏపీ (ఏపీఐ మోడ్ రకాన్ని ఎంచే సెట్టింగ్) విలువ 2 అయితే 126, 125, 17, 19 అనే నాలుగు బైట్లు డేటాలో ఎక్కడ వచ్చినా వాటి ముందు 125 పెట్టి, అసలు బైటును 32తో ఎక్స్‌ఆర్ చేసి పంపాలి. ఈ మోడెముల చిరునామాలు 0, 19, 162తో మొదలవుతాయి. అంటే పంపే ప్రతి రిమోట్ కమాండ్‌లోనూ ఆ 19 ఉంటుంది, దాని చోట 125, 51 వెళ్లాలి. మరిచిపోతే ఒక్క కమాండ్ కూడా పోదు, లింకే లేదనుకుంటారు. నిడివి, చెక్‌సమ్ రెండూ ఎస్కేప్ చేయకముందు ఉన్న బైట్ల మీదే లెక్కించాలి. ప్రత్యేక కారణం లేకపోతే ఏపీ విలువ 1 ఉంచుకోవడమే హాయి.

జవాబు 151 రకం ఫ్రేమ్‌లో వస్తుంది. అందులో కమాండ్ అక్షరాల తర్వాత స్థితి బైటు ఉంటుంది. 0 అంటే సరే, 1 లోపం, 2 కమాండే తప్పు, 3 విలువ తప్పు, 4 అంటే రేడియో దారిలో విఫలం. 4 దూరపు మోడెమ్ ఇచ్చే జవాబు కాదు. తిరుగు టపా రాలేదని మన బేస్ మోడెమే చెబుతున్న మాట అది. కమాండ్ అక్కడికి చేరి, అమలై, తిరుగు దారిలో పోయి ఉండొచ్చు. అందుకే విలువ మార్చే కమాండ్‌కు 4 వస్తే మళ్లీ పంపే ముందు ఆ విలువను చదివి చూడాలి.

10 కిలోబిట్ల వేగంలో, మళ్లీమళ్లీ ప్రయత్నాలు కలిపితే జవాబుకు కొన్ని సెకన్లు కూడా పట్టొచ్చు. హోస్ట్ ప్రోగ్రామ్‌లో గడువు అర సెకను పెట్టుకుని మోడెమ్ చచ్చిపోయిందని తీర్మానించకూడదు.

మొదటి వరస కొలతలు

పరీక్షకు ముందు బేస్‌లో మామూలు పలకరింపులు ఆపాలి. డీబీ కమాండ్ చెప్పేది ఆఖరున అందిన ప్యాకెట్ సిగ్నల్ మాత్రమే, ఆ ప్యాకెట్ ఎవరిదో చెప్పదు. ఐదో స్టేషన్ జవాబుకూ మన కొలతకూ మధ్యలో మూడో స్టేషన్ మాట్లాడితే మూడో స్టేషన్ సిగ్నల్‌ను ఐదోదిగా రాసుకుంటాం. (మెష్ నెట్‌వర్క్ అయితే ఇంకో చిక్కు. డీబీ ఆఖరి అంచె సిగ్నల్‌నే చెబుతుంది, మొత్తం దారిది కాదు.)

ఐదో స్టేషన్‌కు డీబీ పంపితే 76 వచ్చింది, అంటే మైనస్ 76 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ). బేస్ మాట అక్కడ వినిపిస్తున్న బలం అది. ఆ జవాబు రాగానే బేస్ మోడెమ్‌నే 8 రకం లోకల్ ఫ్రేమ్‌తో డీబీ అడిగితే 81 వచ్చింది.

ఈ 5 డెసిబెల్స్ తేడాను అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది. దారిలో నష్టం రెండు వైపులా ఒకటే. యాంటెన్నాలు, కేబుళ్లు రెండు దిశలకూ ఒకే రకంగా పనిచేస్తాయి. రెండు మోడెములూ ఒకే మోడల్, రెండింటిలోనూ పీఎల్ (పంపే పవర్ మెట్టు) విలువ 4, అంటే 24 డీబీఎం. అలాంటప్పుడు రెండు అంకెలూ ఒకటీ రెండు డెసిబెల్స్ తేడాతో కలవాలి. అంకెలు కలిసి ప్యాకెట్లు మాత్రం దారిలో తప్పిపోతుంటే వినేవైపు అల్లరి సిగ్నల్ ఉందని అనుమానించాలి. అంకెలే కలవకపోతే బలహీనంగా వినిపిస్తున్నవాడి ట్రాన్స్‌మిటర్‌ను అనుమానించాలి. మైనస్ 81 అయినా 10 కిలోబిట్ల వేగంలో ఈ మోడెమ్ రిసీవర్ సున్నితత్వం మైనస్ 110 డీబీఎం కాబట్టి ఇంకా 29 డెసిబెల్స్ మిగులుంది. ఆ మిగులు చూసి సిగ్నల్ బాగుందని పక్కన పెట్టేయడం సులువు.

తర్వాత సరఫరా వోల్టేజీ, %వీ కమాండ్. జవాబులో రెండు బైట్లు: 12, 83. అంటే 12ను 256తో హెచ్చించి 83 కలిపితే 3155 మిల్లీవోల్టులు. మోడెమ్‌కు పనిచేసే హద్దు 2.1 నుంచి 3.6 వోల్టులు, కాబట్టి పైకి ఇదీ బాగున్నట్టే. కానీ మిగతా ఏడు స్టేషన్లు 3285 నుంచి 3295 మధ్య చెబుతున్నాయి. అన్నింట్లో ఒకే రెగ్యులేటర్, ఒకే బోర్డు. హద్దులో ఉందా అని కాకుండా తోటివాటితో కలుస్తోందా అని చూస్తే ఇది తేడా కొలతే.

పైగా ఈ కొలత తీసుకునే క్షణం మోడెమ్‌కు అనుకూలమైనది. కమాండ్ అందుకుని వోల్టేజీ చదివేటప్పుడు మోడెమ్ వింటూ ఉంటుంది, లాగే కరెంటు సుమారు 29 మిల్లీఆంపియర్లు. జవాబు పంపడం మొదలయ్యాకే పూర్తి పవర్‌లో 215 మిల్లీఆంపియర్లు, గరిష్ఠంగా 290 వరకు లాగుతుంది. బరువు ఎత్తకముందు కొలిచిన వోల్టేజీ అది. ఎత్తినప్పుడు ఏమవుతుందో %వీ ఎన్నటికీ చెప్పలేదు.

సున్నా కౌంటర్ల సంగతి

జీడీ బాగున్న ప్యాకెట్ల లెక్క, ఈఆర్ చెడిన ప్యాకెట్ల లెక్క, ఈఏ ప్యాకెట్ అందినట్టు అవతలి నుంచి గుర్తింపు రాని సందర్భాలు, టీఆర్ అన్ని ప్రయత్నాలూ అయిపోయి చేతులెత్తేసిన పంపకాలు. ఐదో స్టేషన్‌లో ఈఏ, టీఆర్ రెండూ సున్నా. పదింట తొమ్మిది సమాధానాలు పోగొట్టుకుంటున్న మోడెమ్ ఒక్క పంపకం కూడా విఫలం కాలేదంటోంది.

తాళంచెవి జీడీ దగ్గర దొరికింది. గంటకు 12 పలకరింపులు అందుకునే మోడెమ్‌లో ఆ లెక్క గంటగంటకూ పెరగాలి. ఇక్కడ ఎప్పుడు అడిగినా 1, 2, ఎప్పుడైనా 3. ఈ కౌంటర్లు కరెంటు పోతే, రీసెట్ అయితే సున్నాకు వచ్చేస్తాయి. అంటే మోడెమ్ మాటిమాటికీ రీసెట్ అవుతోంది. విఫలమైన పంపకం లెక్కకెక్కే లోపే మోడెమ్ పడిపోయి, లేచి, ఏమీ తెలియనట్టు కూర్చుంటోంది. టీఆర్ సున్నా ఆరోగ్యానికి గుర్తు కాదు, మతిమరుపుకు గుర్తు. అందుకే లోపాల కౌంటర్‌ను ఒంటరిగా చదవకూడదు, పెరగాల్సిన కౌంటర్‌ను కూడా పక్కన పెట్టి చదవాలి.

పవర్ మెట్ల పరీక్ష

ఈ మోడెమ్‌లో పీఎల్ విలువలు ఐదు: 0కు 7 డీబీఎం, 1కి 15, 2కు 18, 3కు 21, 4కు 24. ఒక్కో మెట్టు మారుస్తూ బేస్ దగ్గర డీబీ చదివితే సిగ్నల్ కూడా అవే అంతరాలతో పెరగాలి: 8, 3, 3, 3. పరికరాలు అక్కర్లేదు, ఎవరూ టవర్ ఎక్కక్కర్లేదు. దూరపు ట్రాన్స్‌మిటర్‌ను ఇక్కడి నుంచే తూకం వేసినట్టు.

పీఎల్‌ను 2 చేసే ఫ్రేమ్:

126, 0, 16, 23, 2, 0, 19, 162, 0, 64, 18, 52, 86, 255, 254, 2, 80, 76, 2, 184

విలువను శాశ్వతంగా భద్రపరిచే డబ్ల్యూఆర్ కమాండ్ మాత్రం పంపకూడదు. భద్రపరచని విలువ రీసెట్‌తో పోతుంది. పరీక్షలో ఏదైనా తేడా వస్తే మోడెమ్ పాత విలువకు తిరిగొస్తుంది కాబట్టి ఇది మనకు రక్షణ.

బేస్ నుంచి అక్కడికి 24 డీబీఎం పంపితే మైనస్ 76 అందింది, దారి మొత్తం నష్టం 100 డెసిబెల్స్. ఆ లెక్కన బేస్ దగ్గర కనిపించాల్సినవి, కనిపించినవి ఇవీ:

పీఎల్ 0: రావాల్సింది మైనస్ 93, వచ్చింది మైనస్ 93.
పీఎల్ 1: రావాల్సింది మైనస్ 85, వచ్చింది మైనస్ 85.
పీఎల్ 2: రావాల్సింది మైనస్ 82, వచ్చింది మైనస్ 82.
పీఎల్ 3: రావాల్సింది మైనస్ 79, వచ్చింది మైనస్ 80.
పీఎల్ 4: రావాల్సింది మైనస్ 76, వచ్చింది మైనస్ 81.

కింది మూడు మెట్లూ గీత గీసినట్టున్నాయి, కాబట్టి యాంటెన్నా, కేబుల్, కనెక్టర్లు అన్నీ బాగున్నట్టే. వాటిలో లోపముంటే అన్ని మెట్లూ సమానంగా కిందికి జారేవి, పైగా రెండు దిశల్లోనూ. పైమెట్టు మాత్రం పెరగాల్సింది పోయి తగ్గింది. ఎక్కువ కరెంటు అడిగినప్పుడే కుంగుతోందంటే సరఫరాలోనే ఏదో అడ్డు పడుతోంది. 3 వోల్టుల కంటే తగ్గితే ఈ మోడెమ్ పనితీరు పడిపోవచ్చని దాని వివరపత్రమే చెబుతుంది.

పొడుగు ప్యాకెట్‌తో పరీక్ష

కమాండ్ జవాబులు పొట్టివి. అసలు పోతున్నవి 180 బైట్ల సమాధానాలు. దూరపు కంట్రోలర్‌తో నిమిత్తం లేకుండా ఆ మోడెమ్ చేతే పొడుగు ప్యాకెట్ పంపించాలంటే లూప్‌బ్యాక్ క్లస్టర్ వాడాలి. 17 రకం ఫ్రేమ్‌లో రెండు ఎండ్‌పాయింట్లూ 232, క్లస్టర్ 0, 18, ప్రొఫైల్ 193, 5 పెట్టి పంపితే మోడెమ్ ఆ పేలోడ్‌ను అలాగే తిప్పి పంపుతుంది. ఎక్స్‌సీటీయూ ప్రోగ్రామ్‌లోని రేంజ్ టెస్ట్ కూడా ఈ పద్ధతి వాడుతుంది.

తిరిగి రాకపోతే పోయింది వెళ్లేటప్పుడా, వచ్చేటప్పుడా? దానికి 139 రకం స్థితి ఫ్రేమ్ చూడాలి. డెలివరీ స్థితి 0 అంటే మన ప్యాకెట్ చేరి గుర్తింపు వచ్చింది, కాబట్టి పోయింది తిరుగు ప్రయాణంలోనే.

20 బైట్లతో 20 సార్లు పంపితే పీఎల్ 4లో కూడా 17 తిరిగొచ్చాయి. 180 బైట్లతో పీఎల్ 0, 1, 2లో ఇరవైకి ఇరవై. పీఎల్ 4లో ఇరవైకి 2. రాని ప్రతిసారీ డెలివరీ స్థితి 0, ఆ వెంటనే జీడీ చదివితే మళ్లీ మొదటికి.

పీఎల్ 3 దగ్గర ఒక తిరకాసు ఉంది. మొదటి విడతలో 20లో 7 మాత్రమే వచ్చాయి. అది తప్పుడు లెక్క. ఒక ప్యాకెట్ దగ్గర మోడెమ్ రీసెట్ అయితే భద్రపరచని పీఎల్ 3 పోయి పాత 4 వచ్చేస్తుంది, మిగతా పరీక్షంతా మనకు తెలియకుండానే 4 మీద నడుస్తుంది. ప్రతి వైఫల్యం తర్వాత పీఎల్ చదివి, 4 కనిపిస్తే మళ్లీ 3 పెట్టి చేస్తే 20లో 15 వచ్చాయి. ఇందాక రక్షణ అన్నదే ఇక్కడ కొలతను చెడగొట్టింది.

ఇంకో పక్షపాతం కూడా ఉంది. బేస్ దగ్గర డీబీ చెప్పే అంకె బతికొచ్చిన ప్యాకెట్లదే. మధ్యలో చచ్చిన ప్యాకెట్ ఎంత నీరసంగా ఉందో ఏ కొలతా చూపదు. అంటే పై పట్టికలోని మైనస్ 81 కూడా నిజం కంటే మెరుగైన అంకె.

అడ్డు ఎంత?

రెగ్యులేటర్ దగ్గర 3.30 వోల్టులు, మోడెమ్ దగ్గర వింటున్నప్పుడు 3.155. తేడా 0.145 వోల్టు, కరెంటు 29 మిల్లీఆంపియర్లు, కాబట్టి మధ్యలో ఎక్కడో 5 ఓంలు. ఆరోగ్యంగా ఉన్న స్టేషన్లలో ఇదే లెక్క వేస్తే మహా అయితే సుమారు అర ఓం వస్తుంది. 5 ఓంల గుండా 215 మిల్లీఆంపియర్లు లాగితే 1.075 వోల్టు పోయి మోడెమ్‌కు 2.2 వోల్టులు మిగులుతాయి, కనీస హద్దు 2.1కి వెంట్రుకవాసి దూరం. గరిష్ఠ కరెంటు 290 దగ్గరైతే 1.85కే పడిపోవాలి, అంతకు ముందే రీసెట్.

మరి పొట్టి ప్యాకెట్లు ఎలా బతికాయి? మోడెమ్ పక్కనే 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. 5 ఓంలతో కలిపితే దాని కాలస్థిరాంకం (వోల్టేజీ ఎంత త్వరగా కిందికి దిగుతుందో చెప్పే కాలం) 23.5 మిల్లీసెకన్లు. 20 బైట్ల పేలోడ్‌కు 10 కిలోబిట్ల వేగంలో పట్టేది 16 మిల్లీసెకన్లు, హెడర్లు కలిపినా వోల్టేజీ పూర్తిగా కిందికి చేరేలోపు పని ముగుస్తుంది. 180 బైట్లకు పేలోడ్‌కే 144 మిల్లీసెకన్లు, కాలస్థిరాంకానికి ఆరు రెట్లు. అప్పటికి కెపాసిటర్ చేయగల సాయమంతా అయిపోతుంది. మంచి కోసం పెట్టిన ఆ కెపాసిటర్ లోపాన్ని సరిచేయలేదు సరికదా, కమాండ్ జవాబుల వరకు దాచిపెట్టింది.

పెద్ద కెపాసిటర్ పెడితే సరిపోతుంది కదా అంటారు. 186 మిల్లీఆంపియర్ల అదనపు కరెంటును 144 మిల్లీసెకన్లపాటు 0.3 వోల్టు తగ్గుదలకు లోబడి ఇవ్వాలంటే 0.089 ఫారడ్, అంటే 89,000 మైక్రోఫారడ్లు కావాలి. ఇది కెపాసిటర్‌తో తీరే పని కాదు.

తాత్కాలిక ఏర్పాటు, మరమ్మతు

గాలిలోంచే చేయగలిగింది ఒకటుంది: పీఎల్‌ను 2కు తగ్గించి, 180 బైట్ల లూప్‌బ్యాక్ మరో 20 సార్లు చూసుకుని, అప్పుడు డబ్ల్యూఆర్ పంపి భద్రపరచడం. మైనస్ 82 దగ్గర ఇంకా 28 డెసిబెల్స్ మిగులుంటుంది, తాత్కాలికానికి ధారాళం. డేటా ఆ క్షణం నుంచే మామూలైంది. పవర్ తగ్గిస్తే లింకు బాగుపడడం వినడానికి వింతగా ఉంటుంది, కారణం తెలిశాక ఉండదు.

స్టేషన్‌లో విప్పి చూస్తే 3.3 వోల్టుల తీగకు చివర క్రింప్ చేసిన పిన్ పచ్చగా తుప్పుపట్టి ఉంది. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూస్తే బీప్ అంటుంది, అది చూసి వదిలేయకూడదు. మోడెమ్ పంపుతున్నప్పుడు పిన్‌కు ఇటూ అటూ మిల్లీవోల్టులు కొలవాలి. పిన్ మార్చడంతో పాటు రెగ్యులేటర్‌ను కూడా మోడెమ్ పక్కకు జరిపి, పొడవాటి తీగలో 12 వోల్టులే నడిపించారు. తీగలో పావు వోల్టు పోయినా అప్పుడు రెగ్యులేటర్ చూసుకుంటుంది.

తర్వాత పీఎల్ 4 పెట్టి అదే మెట్ల పరీక్ష చేస్తే 93, 85, 82, 79, 76. %వీ 3291. లూప్‌బ్యాక్ 180 బైట్లతో ఇరవైకి ఇరవై. ఆ తర్వాతే డబ్ల్యూఆర్.

గాలిలోంచి ముట్టుకోకూడనివి

పీఎల్‌ను ఇలా ఆడించడం క్షేమమే, కానీ లింకును నిలబెట్టే విలువల సంగతి వేరు. నెట్‌వర్క్ ఐడీ, ప్రీయాంబుల్ హెచ్‌పీ, గాలి వేగం బీఆర్, ఛానల్ మాస్క్ సీఎం, ఎన్‌క్రిప్షన్ తాళం కేవై, వీటిలో దేన్ని రిమోట్‌గా మార్చినా ఆ మోడెమ్ మరుక్షణం మన చెవికి అందదు. తప్పనిసరైతే ముందు దూరపువన్నీ, ఆఖరున బేస్. భద్రపరచకుండా మార్చి, బేస్‌నూ అదే విలువకు తెచ్చి, మాట కలిశాకే డబ్ల్యూఆర్. మాట కలవకపోతే దూరపు మోడెమ్‌ను పాత విలువకు తెచ్చే దారి ముందే ఉండాలి: బేస్ నుంచి నిర్ణీత సమయం పలకరింపు లేకపోతే కంట్రోలర్ మోడెమ్ రీసెట్ పిన్‌ను లాగేలా ఒక టైమర్ ఉంటే చాలు. ఆ టైమర్ లేని చోట ఈ మార్పులు రిమోట్‌గా చేయకపోవడమే మేలు.

విలువ మార్చే కమాండ్లను అందరికీ ఒకేసారి బ్రాడ్‌కాస్ట్ చేయడం కూడా అంతే. ఎనిమిదింటిలో ఎన్ని విన్నాయో తెలియదు. ఒక్కొక్కదాన్ని దాని చిరునామాతో పిలిచి, జవాబు తీసుకుని, తర్వాతిదానికి వెళ్లడానికి పట్టే సమయం ఎనిమిదింటికీ కలిపి నిమిషం దాటదు.

ఈ నెట్‌వర్క్‌లో ఇప్పుడు రోజుకొకసారి ప్రతి స్టేషన్ నుంచి నాలుగు విలువలు చదివి రాసుకుంటున్నారు: అక్కడి డీబీ, ఇక్కడి డీబీ, %వీ, జీడీ. మొదటి రెండింటి మధ్య తేడా 3 డెసిబెల్స్ దాటినా, వోల్టేజీ తోటి స్టేషన్ల కంటే 60 మిల్లీవోల్టులు తగ్గినా, జీడీ నిన్నటి కంటే వెనక్కి నడిచినా పొడుగు లూప్‌బ్యాక్ చేస్తారు. జీడీ 65535 దాకానే లెక్కిస్తుంది కాబట్టి నెలకోసారి దానికి సున్నా రాయాలి. రాసిన తేదీ పుస్తకంలో లేకపోతే మరుసటి రోజు అదే రీసెట్‌లా కనిపించి ఒక పూట వృథా అవుతుంది.